మ్యూజియంలు జనానికి చూపించకుండా లోపలే ఉంచే వింత వస్తువులు ఏవైనా ఉన్నాయా?

చాలానే ఉన్నాయి. ఒక నేచురల్ హిస్టరీ మ్యూజియం స్టోర్‌లో, అంటే ప్రదర్శనలో లేని వస్తువులను దాచే చోట, కొంతకాలం పనిచేశాను కాబట్టి కొన్నిటిని దగ్గరగా చూశాను.

ముందుగా ఒక మాట. లోపల ఉన్నదంతా రహస్యమేమీ కాదు. బ్రిటిష్ మ్యూజియం దగ్గర సుమారు 80 లక్షల వస్తువులుంటే గ్యాలరీల్లో కనిపించేవి 80 వేల దాకానే. చాలావాటికి చోటు లేదు, అంతే.

కొన్నిటికి మాత్రం గట్టి కారణమే ఉంటుంది. నేను పనిచేసిన చోట పక్షుల గది తలుపు మీద హెచ్చరిక బోర్డు ఉండేది. సొరుగు లాగితే పక్షులు వెల్లకిలా, వరసగా పడుకోబెట్టి ఉంటాయి. కళ్ళున్న చోట దూది. కాలికి దారంతో కట్టిన చీటీ, దాని మీద సిరాతో దొరికిన చోటు, తేదీ. వాటికి పురుగు పట్టకూడదని పాత రోజుల్లో చర్మం లోపలివైపు ఆర్సెనిక్ సబ్బు పూసేవారు. అది నేటికీ విషమే. గ్లౌజులు లేకుండా ఎవరినీ ముట్టుకోనివ్వరు. మొదట్లో టెన్షన్‌గా ఉండేది, పోను పోను ఆ చీటీలు చదవడమే నాకు ఇష్టమైన పని అయింది. ఇలా సొరుగుల్లో పడి ఉన్నవి వృథా అనుకోకండి. డేగల్లాంటి వేటపక్షుల గుడ్ల పెంకులు 1940ల చివరి నుంచి పల్చబడ్డాయని 1967లో బయటపడింది, పాత సేకరణల్లోని గుడ్లను కొలిచి, తూచి చూడబట్టే. ఆ తర్వాత దానికి కారణం డీడీటీ అనే పురుగుమందు అని తేలింది.

వెలుతురు తగిలితే రంగు వెలిసిపోయేవి ఇంకో రకం. ఇంగ్లిష్ చిత్రకారుడు టర్నర్ నీటిరంగుల చిత్రాలు కొన్ని స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ఏటా వెలుతురు తక్కువగా ఉండే జనవరిలో మాత్రమే బయటికొస్తాయి.

నేను చూడనిది, ఎప్పటికీ చూడలేనిది ఒకటుంది. అదే తాబోత్. ఇథియోపియా ఆర్థడాక్స్ చర్చిలో గర్భాలయంలో ఉండే పవిత్రమైన పలక. చెక్కదో, రాతిదో అయి ఉంటుంది. అది లేనిదే చర్చికి పవిత్రత లేదు, పూజారులు తప్ప ఎవరూ చూడకూడదు. 1868లో ఇథియోపియాలోని మఖ్దలా కోటను కొల్లగొట్టిన బ్రిటిష్ సైన్యం వాటినీ పట్టుకుపోయింది. బ్రిటిష్ మ్యూజియంలో 11 ఉన్నాయి. వాటిని విడిగా ఒక గదిలో ఉంచారు, అక్కడి క్యూరేటర్లు కూడా చూడరు. ఆ నియమాన్ని పాటించడం మంచిదే. కానీ ఎవరూ చూడకూడని, ఎవరూ పరిశోధించకూడని వస్తువు మ్యూజియంలో ఎందుకుండాలో నాకు అర్థం కాదు. ఎడిన్‌బరోలో ఒక చర్చి బీరువాలో దొరికిన తాబోత్‌ను 2002లో ఇథియోపియాకు ఇచ్చేశారు. మిగతావీ వెళ్ళాలి. మ్యూజియం వస్తువులను వదులుకోకుండా 1963 నాటి చట్టం అడ్డుపడుతోందంటారు, చట్టాన్ని మార్చుకోవచ్చు కదా.

స్టోర్ లోపల ఎలా ఉంటుందో మీరే చూడాలనుకుంటే, రాటర్‌డామ్‌లో 2021లో, లండన్‌లో 2025లో జనాన్ని లోపలికి రానిచ్చే స్టోర్లు తెరిచారు. లండన్ దాంట్లో మీకు కావాల్సిన వస్తువును ముందే బుక్ చేసుకుంటే తీసి దగ్గరగా చూపిస్తారు.