స్మాష్ బ్రదర్స్ గొడవ

ప్రశ్న: మాది చిత్తూరు. బెంగళూరులో ఉండే మా తమ్ముడు పదకొండేళ్ల మా వాడికి నింటెండో స్విచ్ అనే గేమ్ మెషీన్, దాంతో సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్ గేమ్ ఇచ్చాడు. అందులో దయ్యాలు, దేవతలు ఉన్నారట, క్రైస్తవుల ఇంట్లో అది ఉండకూడదని మా ఆయన పట్టు. నాకు మామూలు కొట్లాట ఆటలాగే ఉంది. రోజూ ఇదే రగడ. ఏం చేయాలి?

జవాబు: మీ ఆయన మాటను కొట్టిపారేయకండి. కొట్లాట సంగతి మాత్రం చిన్నదే. రక్తం కారదు. దెబ్బ తగిలేకొద్దీ తెరపై ఆ పాత్ర దెబ్బల శాతం పెరుగుతుంది, పెరిగినకొద్దీ దూరంగా ఎగిరిపడతారు, వేదిక దాటిపోతే అవుట్. అమెరికా రేటింగ్ పదేళ్లు దాటిన పిల్లలకు, యూరప్ రేటింగ్ 12 దాటిన వాళ్లకు.

చూడాల్సింది పాత్రలను. 2018లో వచ్చిన ఈ ఆటలో మొదట కనిపించేవి మారియో, పికాచు, కిర్బీ లాంటి ఎనిమిదే. మిగతావి ఆడేకొద్దీ తెరుచుకుంటాయి. వాటిలో బయోనెట్టా మంత్రగత్తె, ఆమె సొంత గేములు పెద్దవాళ్లవి. పాలుటేనా దేవత. సైమన్ బెల్మాంట్ సిలువను ఆయుధంలా విసురుతాడు. కొన్ని విశ్వాసి కుటుంబాలకు మంత్రగత్తె కన్నా ఇదే ఎక్కువ గుచ్చుకుంటుంది. ఒంటరిగా ఆడే ‘వరల్డ్ ఆఫ్ లైట్’ కథలో లోకాన్ని తుడిచిపెట్టే గలీమ్ వెలుగు రూపంలోనే ఉంటాడు, తర్వాత చీకటి శక్తి కూడా వస్తుంది. అసలు ముగింపు కావాలంటే రెండింటినీ ఓడించాలి. వెలుగంటే దేవుడని సండే స్కూల్లో నేర్చుకున్న పిల్లవాడికి దీని గురించి మీరిద్దరూ చెప్పాలి, లేదా ఆ కథ వదిలేసి మామూలు పోటీలే ఆడించాలి.

ఫలానా పాత్ర కనబడకుండా దాచే సెట్టింగ్ లేదు. కాబట్టి ఎవరిని ఎంచుకోవచ్చో ముందే మాట్లాడుకోండి. ఆదివారం ఆరాధన అయ్యాక మీ ఆయన్నీ కూర్చోబెట్టి టీమ్ బ్యాటిల్‌లో తండ్రీకొడుకులు ఒక జట్టుగా, మెషీనే నడిపే పాత్రలకు ఎదురుగా ఆడనివ్వండి. చూడకుండా వద్దనే నాన్న మాట ఈ వయసు పిల్లాడు వినడు.

ఫోన్‌లో స్విచ్ పేరెంటల్ కంట్రోల్స్ యాప్ పెట్టి రోజుకు ఒక గంటే అని పరిమితి పెట్టండి. చాలామంది ఇక్కడే పొరబడతారు: మామూలుగా టైమ్ అయితే అలారం మోగుతుందంతే, ఆట ఆగదు. ఆగాలంటే ‘సస్పెండ్ సాఫ్ట్‌వేర్’ కూడా ఆన్ చేయాలి. ఆ గంట మొత్తం మెషీన్‌కు, ఇంకో పిల్ల ఆడినా అందులోంచే పోతుంది. ఈ పరిమితిని తీసేసే పిన్ నంబరు వాడి కంటపడకూడదు. ఆన్‌లైన్‌లో కొత్తవాళ్లతో మాటలు లేకుండా అదే యాప్‌లో ఆపేయవచ్చు.

బైబిల్లో రోమా పత్రిక 14వ అధ్యాయం మీరిద్దరూ కలిసి చదవండి. అన్నీ తినేవాడు, కొన్ని తిననివాడు ఒకరినొకరు తీర్పు తీర్చుకోవద్దన్న సందర్భం అది. మీ వాదన మాత్రం వాడు నిద్రపోయాకే.

అన్నీ చూశాక కూడా మీ ఆయన మనసు ఒప్పుకోకపోతే గేమ్ ఒక్కటే తీసేయండి, మెషీన్ ఉంచండి. మెషీన్‌లో పెట్టే చిన్న కార్డు (కార్ట్రిడ్జ్) అయితే మారియో కార్ట్ అనే రేసు గేమ్‌తో మార్చుకోవచ్చు. డౌన్‌లోడ్ చేసినదైతే తిరిగి అమ్మడం కుదరదు, ఏది ఇచ్చాడో మీ తమ్ముణ్ణి ముందే అడగండి.