బటర్‌మిల్క్స్‌కి వెళ్లే ముందు కారు సంగతి చూసుకో

చిరంజీవి అమ్మలుకు,

బాబాయి ఆశీస్సులు. నవంబర్ చివర్లో థ్యాంక్స్‌గివింగ్ సెలవులకి ఫ్రెండ్స్‌తో కలిసి కాలిఫోర్నియాలోని బిషప్ ఊరు వెళ్తున్నామని, దానికి దగ్గర్లో బటర్‌మిల్క్స్ అనే చోట బండలెక్కుతామని రాశావు. చాలా సంతోషం. హైదరాబాద్ ఖాజాగూడ రాళ్ల మీద చెయ్యి తిరిగినదానివి, ఎక్కడం గురించి నీకు నేను చెప్పక్కర్లేదు. చెప్పాల్సిందంతా కారు గురించే. అక్కడ గొడవలైనా, నేలకి జరిగే నష్టమైనా చాలావరకు కార్లు ఆపే దగ్గరే మొదలవుతాయి.

ముందు దారి. శాన్ హోసే నుంచి యోసెమిటీ మీదుగా వచ్చే టయోగా పాస్ అనే కనుమ దారి దాదాపు పదివేల అడుగుల ఎత్తు. మంచు పడగానే మూసేస్తారు, మామూలుగా నవంబర్లోనే. అందుకని వేసవిలో వెళ్లినవాళ్లు చెప్పిన టైము నమ్మొద్దు. ఉత్తరం నుంచి తిరిగి 395 హైవే పట్టుకున్నా, బేకర్స్‌ఫీల్డ్, టెహాచపీ మీదుగా వచ్చినా గంటో రెండు గంటలో ఎక్కువ పడుతుంది. మంచులో చక్రాలకి చుట్టే చైన్లు డిక్కీలో ఉండాలి. పెట్రోలు బిషప్‌లోనే నింపుకోండి, నీళ్లు కూడా అక్కడే. పైన నీళ్లు దొరకవు.

ఊళ్లోంచి 168 హైవే మీద పడమరగా ఏడు మైళ్లు వెళ్తే కుడివైపు బటర్‌మిల్క్ రోడ్డు వస్తుంది. అక్కణ్ణుంచి బటర్‌మిల్క్స్‌లోని పీబాడీ అనే పెద్ద బండల దాకా మూడున్నర మైళ్లు మట్టి రోడ్డు. రేకుల షెడ్డు కప్పులా అడ్డంగా గతుకులే గతుకులు. పొడి కంకర మీద చక్రాలు ఎగిరి పడీ పడీ అలా తయారవుతుంది. బ్లేడుతో చదును చేసినా బళ్లు తిరిగేకొద్దీ మళ్లీ అదే వరస. స్పీడు పెంచితే గతుకులు తెలియవని నీ ఫ్రెండ్స్‌లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. కుదుపు తగ్గడం నిజమే. కానీ చక్రం ఒక గతుకు మీంచి ఇంకో గతుకు మీదికి ఎగురుతున్నప్పుడు నేలని పట్టుకుని ఉండదు కదా, మలుపులో బండి పక్కకి జారిపోతుంది. పైగా ఒక్కసారిగా బ్రేకులు వేయడం, ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కడం వల్లే గతుకులు ఇంకా లోతవుతాయి. పది, పదిహేను మైళ్ల స్పీడులో పొండి. ఎవరైనా నడుస్తూనో సైకిల్ మీదో కనిపిస్తే ఇంకా తగ్గించండి, ఆ దుమ్మంతా వాళ్ల ముక్కుల్లోకే పోతుంది.

మామూలు సెడాన్ పోతుందా అని అడిగావు. నేల పొడిగా ఉంటే నెమ్మదిగా పోతుంది. అయితే ఐదుగురు మనుషులు, పడితే దెబ్బ తగలకుండా బండ కింద పరిచే క్రాష్ ప్యాడ్లు, టెంట్లు అన్నీ ఎక్కించాక కారు కింద ఎంత ఎత్తు మిగిలిందో వంగి చూసుకో. వాన పడినా మంచు కరుగుతున్నా ఆ రోజు ఆ రోడ్డు మీదికి కారు తీసుకెళ్లొద్దు. బురదలో మీరు ఇరుక్కోవడం ఒక్కటే కాదు, మీ చక్రాలు చేసిన గాడులు గట్టిపడి అందరికీ మిగులుతాయి. అద్దె కారైతే ఒప్పందం చదువు. మట్టి రోడ్డు మీద జరిగిన డ్యామేజీకి బాధ్యత మీదేనని చాలావాటిలో రాసి ఉంటుంది. స్టెప్నీలో గాలి ఉందో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి.

ఇక పార్కింగ్. పెద్ద సెలవుల్లో మంచి ఎండ కాసిందంటే పొద్దున్నే రోడ్డు పక్కంతా నిండిపోతుంది. చోటు లేక ఒకరు పొదల మీదికి ఎక్కించి ఆపుతారు. వెనకొచ్చినవాళ్లు అదే పార్కింగ్ అనుకుని పక్కన ఆపుతారు. సాయంత్రానికి అక్కడ పొద ఉండదు, మరుసటి ఏడాదికి అది మైదానం. సియెరా కొండలు మేఘాలని అడ్డుకోవడంతో బిషప్‌లో ఏడాదికి ఐదంగుళాల వాన పడితే గొప్ప. అలాంటి నేలలో నలిగిన పొద మళ్లీ లేవాలంటే ఏళ్లు పట్టాలి. చలికాలంలో కొండలు దిగొచ్చే జింకలు ఆ పొదలే తిని బతుకుతాయి. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే. హైదరాబాద్‌లో కోట్లాది ఏళ్ల బండలు కట్టడాల కింద పోతుంటే మనం చూశాం. ఇక్కడ బండలకి ఏమీ కాలేదు, వాటి చుట్టూ ఉన్న నేల పోతోంది. అది పోగొట్టేది ఎక్కడానికి వచ్చిన మనమే.

కాబట్టి ఇప్పటికే బోసిగా ఉన్న చోటే ఆపండి, నాలుగు చక్రాలూ దానిమీదే ఉండాలి. ఒకే వరుసలో, దగ్గర దగ్గరగా పెట్టండి. రోడ్డు మీద ఒక అంబులెన్సు ధారాళంగా పోగలగాలి. అక్కడ ఎవరికైనా కాలు విరిగితే వచ్చేది ఆ రోడ్డు మీంచే. ఎండుగడ్డి మీద అసలు ఆపొద్దు, కారు కిందుండే సైలెన్సర్ గొట్టం వేడికి అంటుకుంటుంది. అన్నిటికన్నా మేలైన పని, రెండు కార్లలో వస్తే ఒకటి ఊళ్లోనే వదిలి ఒక్కదాంట్లో ఎక్కడం. సామాను ఒడిలో పెట్టుకున్నా పరవాలేదు.

చోటు దొరక్కపోతే "ఈ ఒక్కసారికి" అనుకోకుండా వెనక్కి తిరగండి. ఊరికి ఉత్తరాన చాక్ బ్లఫ్ రోడ్డులో హ్యాపీ బౌల్డర్స్ అనే బండలు ఉన్నాయి. అగ్నిపర్వతం బూడిద గట్టిపడిన రాయి, పట్టు వేరేగా ఉంటుంది, నీకు నచ్చుతుంది. ఎత్తు తక్కువ కాబట్టి చలీ తక్కువే. అదీ మట్టి రోడ్డే కానీ ఇంత గతుకులుండవు. కుదిరితే గురువారం, శుక్రవారం హ్యాపీస్‌లో గడిపి, జనం తిరుగు ప్రయాణం పట్టే ఆదివారం మధ్యాహ్నం బటర్‌మిల్క్స్‌కి వెళ్లండి. ఐదింటికల్లా చీకటి పడుతుంది, అందుకని దిగేటప్పుడు డ్రైవింగ్ ఎవరిదో పొద్దున్నే అనుకోండి. బాగా అలిసిపోయినవాళ్ల చేతికి తాళాలు ఇవ్వొద్దు.

ఏ కార్లో వెళ్తున్నారో తేలగానే ఫోన్ చెయ్యి.

ప్రేమతో,
బాబాయి