పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుని సమాధానాలు: గుర్రపు పిల్లల దురద, గేదెల మేత

ప్రశ్న: మాది నందిగామ ప్రాంతంలో కాల్వ పక్కన ఉన్న గ్రామం. గేదెల పాడితో పాటు రెండు మార్వారీ గుర్రాలను పెంచుతున్నాము. పెద్దది ఆడది, దానికి మూడో ఏడు నడుస్తోంది. వానలు మొదలైనప్పటి నుంచి అది జూలును, తోక మొదలును గోడకూ చెట్టుకూ రుద్దుకుని పుండ్లు చేసుకుంటోంది. గత ఏడాది కూడా ఇదే కాలంలో కొంత దురద వచ్చి చలికాలానికి తగ్గిపోయింది. చిన్నది ఏడు నెలల మగపిల్ల. దానికి దురద లేదు కాని, జూలు, తోక వెంట్రుకలు పట్టుకుంటే చాలు ఊడి వస్తున్నాయి. గేదెల కోసం వేసిన సూపర్ నేపియర్ గడ్డి, తవుడు రెండింటికీ పెడుతున్నాము. ఉదయం, సాయంత్రం చల్లపూట కాల్వ గట్టున, సుబాబుల్ తోటలో మేపుతున్నాము. ఎలర్జీ అని చెప్పి ఇంజెక్షన్ వేస్తే పెద్దదానికి తగ్గినట్టే తగ్గి, పది రోజులకు మళ్లీ మొదలవుతోంది. మేత పడకనే ఇలా జరుగుతోందా? బయట మేపడం మానేయాలా?
ఒక పాఠకుడు, ఎన్టీఆర్ జిల్లా

సమాధానం: రెండు గుర్రాలకూ వెంట్రుకలు ఊడుతున్నాయి కాబట్టి రెండింటిదీ ఒకే జబ్బు అనుకోవడం సహజమే. అయితే మీరు రాసిన వివరాలే వాటిని వేరు చేస్తున్నాయి. ఒకదానికి దురద ఉంది, రెండోదానికి లేదు. ఒకదానికి ఏటా వానాకాలంలో వస్తోంది, రెండోదానికి ఇదే మొదటిసారి. చర్మ వ్యాధుల్లో ఈ తేడా చాలా ముఖ్యమైనది. నాకు కలిగిన అభిప్రాయం ప్రకారం పెద్దదానికి పడనిది మేత కాదు, మేపుతున్న వేళ. చిన్నదానికి పడనిది మేసే చెట్టు.

ముందు పెద్దదాని సంగతి చూద్దాం. వానాకాలంలో మొదలై చలికాలానికి తగ్గడం, జూలు, తోక మొదలు దగ్గర విపరీతంగా రుద్దుకోవడం, రెండు మూడేళ్ల వయసులో బయటపడడం, ఇవన్నీ క్యూలికాయిడిస్ అనే చిన్న దోమల కాటుకు వచ్చే ఎలర్జీ లక్షణాలు. ఇవి మనకు తెలిసిన దోమల కంటే చాలా చిన్నవి, 1 నుంచి 3 మిల్లీమీటర్ల పొడవు మాత్రమే ఉంటాయి కనుక చాలామంది వాటిని గమనించనే గమనించరు. గొర్రెల పెంపకందారులకు మాత్రం వీటి పేరు తెలిసే ఉంటుంది, ఎందుకంటే గొర్రెలలో నీలినాలుక వ్యాధిని వ్యాప్తి చేసేవి ఇవే. ఇవి కుట్టేటప్పుడు వదిలే లాలాజలంలోని మాంసకృత్తులను కొన్ని గుర్రాల శరీరం శత్రువుగా భావించి అతిగా స్పందిస్తుంది, దానివల్లే ఆ దురద. అలా స్పందించడానికి శరీరం ముందుగా ఒకటి రెండు కాలాల పాటు ఆ కాట్లను చవిచూడాలి. అందుకే ఏడాది లోపు పిల్లల్లో ఈ జబ్బు సాధారణంగా కనిపించదు. మీ చిన్నదానికి ఇదే జబ్బు కాదని నేను అనుకోవడానికి ఇది మరొక కారణం.

ఈ దోమలు తడి బురదలో, పేడ కలిసిన చిత్తడిలో పెరుగుతాయి. తెల్లవారుజామున, సూర్యాస్తమయ వేళల్లో ఎక్కువగా ఎగురుతాయి. మీరు చల్లపూట అని ఎంచుకున్న వేళ, కాల్వ గట్టు, రెండూ వాటికి అనుకూలమైనవే. అందువల్ల మేపడం మానవద్దు, వేళను, చోటును మార్చండి. పొద్దు బాగా ఎక్కిన తరువాత, అంటే ఉదయం తొమ్మిది గంటల ప్రాంతంలో వదిలి, సాయంత్రం నాలుగు, నాలుగున్నరకల్లా కొట్టంలోకి తీసుకురండి. కాల్వకు దూరంగా, గాలి తగిలే మెరక నేలను ఎంచుకుని, అక్కడ నీడ, తాగునీరు ఉండేలా చూడండి. కొట్టం కిటికీలకు మామూలు దోమతెర చాలదు, ఇంతకంటే సన్నని కన్నులున్న తెర కట్టాలి. ఈ దోమలు బలంగా ఎగరలేవు కాబట్టి రాత్రంతా గుర్రం మీదికి గాలి వచ్చేలా పెద్ద ఫ్యాన్ పెట్టడం బాగా పనిచేస్తుంది. పేడకుప్పను కొట్టానికి దూరంగా జరిపి, తొట్టి చుట్టూ నీరు నిలవకుండా మట్టి పోయండి. దోమలను దూరంగా ఉంచే పెర్మెత్రిన్ అనే మందును ఎంత మోతాదులో, ఎన్నాళ్లకోసారి వాడాలో మీ పశువైద్యుని అడిగి వాడవచ్చు. ఇంట్లో పిల్లి ఉంటే అది ఆ మందుకు దగ్గరగా రాకూడదు, పిల్లులకు అది విషం.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. గేదెలకు పిడుదులు పోవడానికి వాడే అమిట్రాజ్ మందు మీ ఇంట్లో ఉండే అవకాశం ఉంది. దానిని ఎట్టి పరిస్థితిలోనూ గుర్రం మీద వాడవద్దు. గుర్రంలో అది పేగుల కదలికను మందగింపజేసి, పేడ గట్టిపడి లోపలే నిలిచిపోయి, ప్రాణాంతకమైన కడుపునొప్పికి దారితీయగలదు.

మందులు మొదలుపెట్టే ముందు రెండు చిన్న పరీక్షలు చేయించండి. తోక కింద గుదం చుట్టూ పారదర్శకమైన టేపు అంటించి తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే సూదిపురుగుల గుడ్లు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది, ఎందుకంటే అవి ఉన్నా తోక రుద్దుకుంటుంది. జూలు పాయలు తీసి వెలుతురులో చూస్తే పేలు కనిపిస్తాయి. ఈ రెండూ లేకపోతే, పైన చెప్పిన జాగ్రత్తలతో రెండు మూడు వారాల్లో దురద తగ్గడమే దోమల ఎలర్జీకి మంచి రుజువు. గుర్రాలలో ఎలర్జీ కోసం చేసే రక్తపరీక్షల ఫలితాలు అంత నమ్మదగినవి కావు కాబట్టి వాటి మీద డబ్బు ఖర్చు చేయమని నేను చెప్పను.

మీరు వేయించిన ఇంజెక్షన్ స్టెరాయిడ్ అయి ఉండవచ్చు. అది దురదను అణుస్తుంది కాని దోమలను ఆపదు, అందుకే మందు ప్రభావం పోగానే జబ్బు తిరిగి వస్తోంది. తీవ్రమైన స్థితిలో కొద్ది రోజులు వాడడం తప్పు కాదు. కాని పదేపదే వేస్తే పుండ్లు మానడం ఆలస్యమవుతుంది, గిట్టల లోపల వాపు వచ్చి గుర్రం శాశ్వతంగా కుంటిదయ్యే ప్రమాదమూ ఉంది. మూడేళ్లు నిండని గుర్రానికి ముందున్న ఇరవై ఏళ్ల జీవితాన్ని దృష్టిలో పెట్టుకుని ఆలోచించమని కోరుతున్నాను. ఈ ఎలర్జీ పూర్తిగా నయమయ్యేది కాదు, ఏటా వానలకు ముందే జాగ్రత్తలు మొదలుపెట్టాలి. దీనికి వంశపారంపర్య లక్షణం కూడా ఉంది కాబట్టి ఆ ఆడ గుర్రాన్ని చూడికి కట్టించే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

ఇక చిన్నదాని సంగతి. మీ ప్రాంతంలో కాగితపు మిల్లుల కోసం సుబాబుల్ విస్తారంగా సాగు చేస్తారు. దాని ఆకులో, ముఖ్యంగా లేత చిగుళ్లలో, మిమోసిన్ అనే పదార్థం ఉంటుంది. గేదెలు, మేకల పొట్టలో కొన్ని సూక్ష్మజీవులు దానిని విరగ్గొట్టగలవు కాబట్టి అవి కొంతవరకు తట్టుకుంటాయి. గుర్రానికి నెమరువేసే పొట్ట లేదు. మిమోసిన్ నేరుగా రక్తంలో కలిసి వెంట్రుకల ఎదుగుదలను ఆపుతుంది, అప్పుడు జూలు, తోక వెంట్రుకలు దురద లేకుండానే ఊడిపోతాయి. కొన్నిటిలో గిట్టల మీద వలయాలు కూడా ఏర్పడతాయి. సుబాబుల్ తోటలోకి వదలడం వెంటనే ఆపండి, కోసిన కొమ్మలు కూడా వేయవద్దు. కొన్ని నెలల్లో వెంట్రుకలు తిరిగి వస్తాయి. పెద్దది కూడా అదే ఆకు తింటోంది కనుక దానినీ దూరంగా ఉంచండి.

మీరు అడగకపోయినా, నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టింది నేపియర్ గడ్డి, తవుడు కలిసిన మేత. నేపియర్ జాతి గడ్డిలో ఆక్సలేట్ అనే పదార్థం ఎక్కువ. అది మేతలోని కాల్షియాన్ని పట్టి ఉంచి గుర్రానికి అందకుండా చేస్తుంది. తవుడులో భాస్వరం కాల్షియం కంటే పదింతలకు పైగా ఉంటుంది. ఈ రెండూ కలిసినప్పుడు శరీరం తన ఎముకల్లోంచే కాల్షియాన్ని తీసుకోవడం మొదలుపెడుతుంది. ఫలితంగా ఒక రోజు ఒక కాలు, మరొక రోజు మరొక కాలు కుంటడం, నమలడానికి ఇబ్బందిపడడం, చివరికి ముఖం ఎముకలు రెండు వైపులా ఉబ్బడం జరుగుతాయి. రక్తపరీక్షలో కాల్షియం మామూలుగానే కనిపించవచ్చు, ఎందుకంటే ఆ లోటును ఎముకలు పూడుస్తూ ఉంటాయి. ఎదిగే వయసులో ఉన్న ఏడు నెలల పిల్లకు ఇది మరింత హాని చేస్తుంది. అదే మేత తిని గేదెలు పాలు బాగా ఇస్తున్నాయి కదా అన్న నమ్మకంతో ఇలాంటి తప్పు జరుగుతుంటుంది.

నేపియర్‌ను పది పదిహేను రోజుల్లో క్రమంగా తగ్గించి, దాని స్థానంలో గరిక, ఎండిన జొన్న చొప్ప, లూసర్న్ ఇవ్వండి. జొన్నను లేతగా ఉన్నప్పుడు పచ్చిగా మేపకూడదు, ఎండిన చొప్పే వేయాలి. వేరుశనగ కట్టె వేస్తే బూజు లేదని చూసి వేయండి. తవుడు మాని, నానబెట్టి ఉడికించిన ఉలవలు కొద్దిగా పెట్టవచ్చు. మేతలో కలిపే సున్నపురాయి పొడి ఎంత అవసరమో మేత వివరాలు చూసి పశువైద్యుడు చెబుతారు. గోడలకు వేసే సున్నం మాత్రం వాడవద్దు. కోళ్ల దాణా, మోనెన్సిన్ అనే మందు కలిసిన పశువుల దాణా గుర్రానికి అందకుండా చూడండి, ఆ మందు గుర్రం గుండెను దెబ్బతీస్తుంది. పచ్చిక మైదానంలో గేదెలను, గుర్రాలను మార్చి మార్చి మేపడం మంచిదే, వాటి పొట్ట పురుగులు చాలావరకు వేర్వేరు కాబట్టి నేల శుభ్రపడుతుంది. పిల్లకు పురుగుల మందు వేసే ముందు పేడ పరీక్ష చేయించండి.

ప్రశ్న: శంషాబాద్ దగ్గర ఉన్న మా ఏడాదిన్నర గుర్రానికి మెడ, వీపు మీద రూపాయి బిళ్లంత గుండ్రటి చోట్ల వెంట్రుకలు రాలి పొలుసులు లేస్తున్నాయి. దురద పెద్దగా లేదు. దాన్ని తోమే మా అబ్బాయి చేతి మీద కూడా ఒక గుండ్రటి ఎర్రని మచ్చ వచ్చింది. పచ్చిక వల్ల వచ్చిన ఎలర్జీయేనా?
ఒక పాఠకురాలు, రంగారెడ్డి జిల్లా

సమాధానం: కాదనే అనిపిస్తోంది. ఇది తామర కావచ్చు. శిలీంధ్రం వల్ల వచ్చే ఈ జబ్బు చిన్న వయసు గుర్రాలలో ఎక్కువగా కనిపిస్తుంది, మనుషులకూ అంటుతుంది. మచ్చ అంచున ఉన్న వెంట్రుకలను, పొలుసులను మీ పశువైద్యుని ద్వారా రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల వంటి చోట పరీక్ష చేయించండి. ఫలితం వచ్చే వరకు ఎలర్జీ పేరుతో స్టెరాయిడ్ వేయించవద్దు, అది తామరను ఒళ్లంతా వ్యాపింపజేస్తుంది. గుర్రాన్ని మిగతావాటికి దూరంగా, ఎండ తగిలే చోట విడిగా మేపండి. దాని బ్రష్షు, జీను, తాడు మరో గుర్రానికి వాడకండి. తోమేవారు చేతి తొడుగులు వేసుకోవాలి. శిలీంధ్రాన్ని చంపే షాంపూతో స్నానం చేయిస్తే త్వరగా తగ్గుతుంది, చాలా గుర్రాలలో కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల్లో పూర్తిగా పోతుంది. మీ అబ్బాయిని ఈ వారంలోనే చర్మవైద్యునికి చూపించి, ఇంట్లో గుర్రానికి కూడా ఇలాంటి మచ్చలు ఉన్నాయని ఆయనకు తప్పక చెప్పండి.