ఇంజెక్షన్ ఒక్కటి తప్పలే, మరి పీఎస్ఏ ఎందుకు పెరిగింది?

ప్రశ్న: మా నాయినకు 67 ఏండ్లు. ప్రొస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకింది. మూడు నెలలకోసారి హార్మోన్ ఇంజెక్షన్ వేయిస్తున్నం, ఒక్కటి గూడ తప్పలే. పీఎస్ఏ (ప్రొస్టేట్ క్యాన్సర్ జోరు చూపే రక్త పరీక్ష) 140 నుంచి 1 లోపలికి దిగింది, రెండేండ్లు మంచిగనే ఉన్నడు, ఇప్పుడు మల్ల 22 అయింది. మందు నకిలీదా? పత్యంల ఏమన్న తప్పినమా? మా మేనత్త రొమ్ము క్యాన్సర్‌తోని పోయింది, దీనికి దానికి సంబంధం ఉన్నదా?
- మిర్యాలగూడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: పత్యంతోని ఇట్ల కాదు తమ్మీ, ఆ బాధ మనసుల పెట్టుకోకండి. మందు మీద అనుమానముంటే రక్తంల టెస్టోస్టిరాన్, అంటే ఈ ఇంజెక్షన్ తగ్గించే మగ హార్మోన్, ఎంతున్నదో చూపియ్యండి, డెసిలీటరుకు 50 నానోగ్రాముల లోపల ఉంటే ఇంజెక్షన్ పని చేస్తున్నట్టే, మారింది క్యాన్సర్ కణం.

పత్తి చేసెటోళ్లకు ఇది ఎరుకే, బీటీ విత్తనం వచ్చిన కొత్తల గులాబి పురుగు చచ్చేది, తట్టుకున్న పురుగులే మిగిలి సంతానం పెంచుకున్నయి, ఇప్పుడు అదే చేన్ల కాయ తొలుస్తున్నయి. ఈ కణాలు గూడ గంతే.

కణంల ఏఆర్ అనే రిసెప్టార్ ఉంటది, మగ హార్మోన్ దానికి అతుక్కుంటెనే కణం పెరుగుతది. మనం హార్మోన్ ఆపితే కొన్ని కణాలు ఏఆర్‌ని తయారు చేసే జీన్ కాపీలు పెంచుకొని మిగిలిన కొద్దిపాటి హార్మోన్‌తోనే బతుకుతయి. కొన్నిట్ల ఏఆర్-వీ7 అనే పొట్టి రకం తయారైతది, హార్మోన్ అతుక్కునే భాగమే దానికి ఉండదు కాబట్టి హార్మోన్ లేకున్నా పని చేస్తనే ఉంటది, మగ హార్మోన్‌ని అడ్డుకునే అబిరాటెరాన్, ఎంజాలుటమైడ్ గోలీలకు గూడ సరిగ్గ లొంగదు. ఏఆర్ జీన్‌ల ఎల్702హెచ్ అనే మార్పు వస్తే ప్రెడ్నిసొలోన్ లాంటి స్టిరాయిడ్ గూడ ఆ రిసెప్టార్‌ని లేపుతది, అబిరాటెరాన్‌తోని కలిపి ఇచ్చేదేమో ఆ స్టిరాయిడే.

మీరు మేనత్త సంగతి రాసుడు చాలా మంచిదైంది. బీఆర్‌సీఏ2 జీన్‌ల లోపం ఉంటే ఆడోళ్లకు రొమ్ము, అండాశయం క్యాన్సర్, మగోళ్లకు ముదిరే ప్రొస్టేట్ క్యాన్సర్ వచ్చే అవకాశం పెరుగుతది. వేరే అవయవాలకు పాకిన ప్రొస్టేట్ క్యాన్సర్ ఉన్నోళ్లల్ల నూటికి దాదాపు 12 మందికి బీఆర్‌సీఏ2 లాంటి డీఎన్ఏ రిపేర్ జీన్లల్ల (చెడిన డీఎన్ఏని బాగుచేసే జీన్లు) పుట్టుకతోనే లోపం ఉన్నట్టు 2016ల తేలింది. అది దొరికితే ఒలాపరిబ్ అనే గోలీ ఉన్నది, 2020ల అమెరికాల ఇట్లాంటి ప్రొస్టేట్ క్యాన్సర్‌కే అనుమతి ఇచ్చిన్రు, ఖరీదు ఎక్కువనే గాని ముందుగాల జీన్ లోపం ఉన్నదో లేదో తెల్వాలె గదా.

అందుకే మీ క్యాన్సర్ డాక్టర్‌ని రక్తంతోని, పాత బయాప్సీ బ్లాక్‌తోని (పరీక్షకు తీసి మైనంల దాచిన క్యాన్సర్ ముక్క) జీన్ టెస్ట్ గురించి అడుగుండి. ఆ బ్లాక్ బయాప్సీ పరీక్ష చేసిన ల్యాబ్‌ల ఉంటది, అడిగి తెచ్చుకోండి. మేనత్తకు ఏ వయసుల వచ్చిందో గూడ చెప్పండి. నాయినకు రక్త పరీక్షల జీన్ లోపం తేలితే మీకు, మీ అక్కచెల్లెండ్లకు ఒక్కొక్కరికి అది ఉండే అవకాశం సగం ఉంటది, వాళ్లను గూడ టెస్ట్‌కు తీసుకపోండి. డాక్టర్ చెప్పేదాక ఇంజెక్షన్ మాత్రం ఆపకండి.