గేర్ల యానిమేషన్‌కి ఫ్రీక్యాడ్, బ్లెండర్ చాలు

తమ్ముడూ, రెండు గేర్లు తిరిగే 10 సెకన్ల వీడియో, అదీ గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్‌లో కావాలన్నావు కదా, డబ్బులు పెట్టకు. ఫ్రీక్యాడ్ అనే 3డీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గేర్లు గీసి ఎస్‌టీఎల్ అనే 3డీ ఫైల్‌గా సేవ్ చేసి, యానిమేషన్ చేసే బ్లెండర్‌లోకి తెచ్చుకో, రెండూ ఫ్రీనే. తెచ్చేటప్పుడు స్కేల్ 0.001 పెట్టు, ఎందుకంటే ఫ్రీక్యాడ్‌లో మిల్లీమీటర్లు, బ్లెండర్‌లో మీటర్లు, లేకపోతే గేరు కొండంత వస్తుంది. 20 పళ్లది 360 డిగ్రీలు తిరిగితే 40 పళ్లది అటువైపు 180 తిరగాలి, కీఫ్రేమ్స్‌ని (కదలిక మొదలు, చివర పెట్టే గుర్తుల్ని) లీనియర్, అంటే ఒకే వేగం, చెయ్యి, లేదంటే మొదట్లో చివర్లో స్లో అయిపోతుంది. రెండర్‌కి, అంటే ఫైనల్ బొమ్మలు తియ్యడానికి, బ్లెండర్‌లో ఉన్న ఇంజిన్లలో బరువైన సైకిల్స్ వద్దు, ఈవీ వాడు, అదీ బరువైతే వర్క్‌బెంచ్. ముఖ్యంగా డైరెక్ట్ వీడియో తియ్యకు, పీఎన్‌జీ ఫ్రేములుగా, అంటే విడివిడి బొమ్మలుగా తియ్యి, తర్వాత కలిపి వీడియో చేసుకో, సెకనుకి 24 చొప్పున 240 వస్తాయి, మధ్యలో కరెంటు పోయినా ఆగిన ఫ్రేము నుంచే మొదలెట్టొచ్చు. ఎక్కడైనా ఆగిపోతే స్క్రీన్‌షాట్ పెట్టు, చూస్తా.