పేరు చివర, కొలతలు ముందు

చి. మాధవికి,

ఆశీస్సులు. తవ్వకంలో దొరికిన ఆ కురచ అస్థిపంజరానికి జబ్బు పేరు చెప్పమన్నావు. పేరు సంగతి చివర చూద్దాం, ముందు కొలతలు రాసుకో. పేరొకటి మనసులో పడిందంటే కళ్ళు దానికి సరిపోయేవే వెతుకుతాయి.

పళ్ళతో మొదలుపెట్టు. పిల్లల విషయంలో ఎముక పొడవును బట్టి వయసు కట్టకు. ఎదుగుదల లోపం ఉన్న ఎనిమిదేళ్ళ బిడ్డ ఐదేళ్ళ లెక్కలోకి పోతే, మనం వెతికే లోపమే మాయమవుతుంది. పళ్ళ ఎదుగుదల అంత తేలిగ్గా వెనకబడదు. దంత వయసు, ఎముకల చివర్లు అతికిన తీరు, పొడవులు మూడూ విడివిడిగా రాయి. పళ్ళు పెద్ద వయసు చెబుతున్నా చివర్లు అతకక, ఒళ్ళంతా సమపాళ్ళలో చిన్నగా ఉంటే పిట్యూటరీ, థైరాయిడ్ గ్రంథుల లోపాలను ఆలోచించాలి.

తర్వాత ఎముకలు కొలిచే ఆస్టియోమెట్రిక్ బోర్డు మీద రెండు వైపుల ఎముకలూ మిల్లీమీటరు వరకు కొలువు. ఒక్క చెయ్యో కాలో కురచగా ఉంటే ముందు పాత దెబ్బనీ చీమునీ పక్షవాతాన్నీ అనుమానించు. రేడియస్ (ముంజేతి ఎముక) పొడవును హ్యూమరస్ (మోచేతి పై ఎముక) పొడవుతో భాగించి 100తో హెచ్చవేయి. టిబియా (మోకాలి కింది పెద్ద ఎముక), ఫీమర్ (తొడ ఎముక)లకూ అంతే. ఆ అంకెల్ని పుస్తకాల్లోని సగటుతో కాకుండా, అదే శ్మశానవాటికలో దొరికిన అదే లింగం వాళ్ళ అంకెలతో పోల్చు.

మరుగుజ్జుతనం తెచ్చే జన్యు జబ్బుల్లో ఒకటైన అకాండ్రోప్లేసియాలో హ్యూమరస్, ఫీమర్ ఎక్కువ కురచ కాబట్టి నిష్పత్తి పెరుగుతుంది. అలాంటిదే మరో జబ్బు అక్రోమెసోమెలిక్ డిస్‌ప్లేసియాలో ముంజేయి, మోకాలి కింది భాగం, వేళ్ళు ఎక్కువ కురచ కాబట్టి తగ్గుతుంది. ఇటలీలోని రోమిటో గుహలో 1963లో బయటపడిన కౌమార వయసు అస్థిపంజరానికి ఈ రెండో జబ్బని 1987లో ఎముకలు చూసే నిర్ధారించారు. ఎన్‌పీఆర్2 జన్యువు రెండు ప్రతుల్లోనూ మార్పు ఉందని ఆ తర్వాత డీఎన్‌ఏ కూడా బలపరిచింది. కొలతలు జాగ్రత్తగా తీస్తే అంత దూరం తీసుకెళ్తాయి.

ఎత్తు కట్టేటప్పుడు ఒక్క ఫీమర్‌తో వేసే సూత్రం వాడకు. అది మామూలు పాళ్ళున్న శరీరాల కోసం చేసింది. పుర్రె, వెన్నుపూసలు, కాళ్ళ ఎముకలు, మడమ ఎత్తులు కలిపే ఫుల్లీ పద్ధతి మేలు.

అకాండ్రోప్లేసియా అనిపిస్తే పుర్రె అడుగుభాగం తిప్పి చూడు. మృదులాస్థి నుంచి పెరిగే ఎముకలే ఇందులో కుంటుపడతాయి. అందుకే పుర్రె పైకప్పు పెద్దగా, నుదురు ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది; అడుగుభాగం మాత్రం పొట్టిగా, వెన్నుపాము దిగే రంధ్రం (ఫోరమెన్ మాగ్నమ్) ఇరుకుగా ఉంటుంది. నడుము పూసల్లో పెడికల్స్ (పూస వెనక రెండు వైపులా ఉండే పొట్టి కాడలు) మధ్య దూరం మామూలుగా కిందికి పోనుపోను పెరగాలి, ఇక్కడ తగ్గుతుంది. మోకాలి కింది సన్న ఎముక ఫిబులా, టిబియా కన్నా పొడవుగా కనబడుతుంది. ఎముక నడిమి భాగం మాత్రం సన్నబడదు. పుర్రె అడుగు పగిలిపోయి, పూసలు లేకుండా పోయాయా? అప్పుడు ‘సరిపోతోంది’ అను, ‘ఇదే’ అనకు.

బాగా మోసం చేసేది రికెట్స్, అంటే డి విటమిన్ లోపంతో పిల్లల ఎముకలు మెత్తబడి వంగే జబ్బు. వంగిన ఎముకను బోర్డు మీద పెడితే పొట్టిగానే చూపిస్తుంది, కాబట్టి వంపు వెంబడి పొడవు కూడా తీయి. నయమైన రికెట్స్‌లో పుర్రె అడుగు ఇరుకవదు, వేళ్ళ పాళ్ళు మారవు.

డీఎన్‌ఏ నమూనాకు పుర్రెలో చెవి దగ్గరి పెట్రస్ ఎముక తొలిచే ముందు సీటీ స్కాన్ తప్పనిసరి. లోచెవి చుట్టూ గట్టి భాగం నుంచి 50 మిల్లీగ్రాముల పొడి చాలు.

ఫలితం వచ్చాక కంగారుపడకు. అకాండ్రోప్లేసియాకు దాదాపు ఎప్పుడూ కారణం ఎఫ్‌జీఎఫ్ఆర్3 జన్యువులో 1138వ స్థానంలో జీ అనే డీఎన్‌ఏ అక్షరం బదులు ఏ రావడం. పాత డీఎన్‌ఏ చెడినప్పుడు కూడా సరిగ్గా ఇలాంటి మార్పే కనిపిస్తుంది. పైగా ఆ స్థానం సీ (సైటోసిన్) పక్కనే జీ ఉండే సీ-జీ జంటలో ఉంది. అక్కడి సైటోసిన్‌కు మిథైల్ తగిలి ఉంటే పాత డీఎన్‌ఏ చెడును తీసే యూడీజీ ఎంజైమ్ శుద్ధి కూడా దాన్ని తీసివేయదు. ఒకటి రెండు రీడ్లలో (యంత్రం చదివిన డీఎన్‌ఏ ముక్కల్లో) కనిపించిందని సంబరపడకు. వేర్వేరు అణువుల నుంచి వచ్చిన చాలా రీడ్లలో, వాటి అంచులకు దూరంగా, సుమారు సగం వాటిలో కనబడాలి.

చుట్టుపక్కల సమాధుల్లో మరొకరు లేరని జన్యు కారణాన్ని కొట్టిపారేయకు. అకాండ్రోప్లేసియా ఉన్నవాళ్ళలో 80 శాతం దాకా తల్లిదండ్రులది మామూలు ఎత్తే, మార్పు వాళ్ళతోనే కొత్తగా మొదలవుతుంది. రోమిటోలో లాగా జన్యువు రెండు ప్రతులూ మారితే బయటపడే (అంతర్గత) లక్షణం అయితే మాత్రం దగ్గరి చుట్టాల నమూనాలూ అడుగు.

ఒక వైపు పెట్రస్ తొలిస్తే రెండోది ముట్టుకోకు. దాన్ని సీటీ ఫైళ్ళతో పాటు భద్రపరిచి, ఏ వైపు నుంచి ఎంత పొడి తీశావో పెట్టె మీదే రాసిపెట్టు.