బోర్డింగ్ స్కూల్లో పాట, కెప్టెన్ బాధ్యత రెండూ కుదురుతాయా?

తొమ్మిదో తరగతికి బోర్డింగ్ స్కూల్లో చేరబోతున్నానని, పాడతానని, కెప్టెన్ కూడా కావాలని ఉందని రాశారు. రెండూ కుదురుతాయి. నేను ఈ ఏడాదే పన్నెండు పూర్తిచేసి హాస్టల్ వదిలాను. చివరి సంవత్సరం మా హౌస్‌కీ, బృందగానానికీ నేనే కెప్టెన్‌ని. హౌస్ పని చాలావరకు హాజరు వేయడం, లైట్లు ఆర్పించడం. మనుషులతో పని చేయడం నేర్పింది మాత్రం పాటే.

మొదట్లో నాకు అరవడమే తెలుసు. వెనక వరుస ఎప్పుడూ తాళానికి వెనకబడేది, నేను వాళ్లను కోప్పడేదాన్ని. ఒకరోజు మాస్టారు నన్ను హాలు చివర నిలబడి పాడమన్నారు. నేనూ వెనకబడ్డాను! ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లే పోతుంది. 17 మీటర్ల దూరంలో ఉన్నవారికి పియానో సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యంగా వినిపిస్తుంది. వాళ్లు విన్నదానికి సరిగ్గానే పాడుతున్నారు. తాళాన్ని చెవితో కాక, ముందు నిలబడ్డవారి చేతిని చూసి పట్టుకోవాలి. ఆ చెయ్యి నాది, అది వాళ్లకు కనబడటమే లేదు. మర్నాటి నుంచి బల్ల మీద నిలబడ్డాను.

పొడవైన స్వరం పట్టేటప్పుడు అందరూ ఒకేసారి ఊపిరి తీసుకుంటే పాట తెగిపోతుంది. అందుకని పక్కపక్కవాళ్లు ముందే మాట్లాడుకుని వంతులవారీగా తీసుకుంటారు. ఎవరి పక్కన ఎవరిని నిలబెట్టాలన్నదే నాకు అన్నిటికన్నా కష్టమైన పని. మాటల్లేని ఇద్దరిని పక్కపక్కన పెడితే ఆ చోటే పాట తెగేది.

ఒక తప్పు కూడా చెప్పాలి. పై స్థాయిలో పాడే ఒక తమ్ముడి గొంతు ఆ ఏడాది మారుతోంది. "ఎవరిదో అపశ్రుతి" అని అందరి ముందూ అనేశాను. ఆ రాత్రి అతను మెట్ల మీద ఒంటరిగా కూర్చున్నాడు. మానేస్తానన్నాడు. ఆ వయసులో స్వరపేటిక పెరిగి, స్వరతంత్రులు పొడవై, మగపిల్లల గొంతు సుమారు ఒక స్థాయి (ఒక 'స' నుంచి దాని కింది 'స' దాకా ఉన్నంత) కిందికి దిగుతుంది. అది అతని తప్పు కాదు. క్షమించమని అడిగాను, మర్నాడు అందరి ముందూ అదే మాట చెప్పాను. గొంతు కుదిరేదాకా శ్రుతి అందించే పని అతనికి అప్పగించాం. 440 హెర్ట్జ్ శ్రుతిదండాన్ని (ట్యూనింగ్ ఫోర్క్‌ని) మోకాలికి తట్టి, కాడను బల్లకు ఆనించేవాడు. బల్లంతా మెల్లగా మోగేది, అరవైమంది గొంతులు దాన్ని అందుకునేవి. వార్షికోత్సవానికి అతను కింది స్థాయిలో పాడేవాళ్ల వరుసలో నిలబడి పాడాడు.

చదువు గురించి కూడా అడిగారు కదా. చేరిన వారంలోనే సాధన గది ఎప్పుడు ఖాళీగా ఉంటుందో కనుక్కోండి. మా దగ్గర తెల్లవారుజామున ఎవరూ వచ్చేవారు కాదు. రోజూ ఆ అరగంట వాడుకుంటే సాయంత్రం చదువుకు అడ్డం రాదు. కెప్టెన్ పదవి కోసం తొందరపడకండి. మొదటి ఏడాది కుర్చీలు సర్దే పని, పాటల కాగితాలు పంచే పని అడిగి తీసుకోండి. అరవైమంది పేర్లూ నాకు అలాగే తెలిశాయి.